గేమింగ్ పీసీ పారెయ్యకండి, ముందు మీరు ఆడే గేముల లిస్టు రాసుకోండి

ఎడిటర్ గారికి నమస్కారం అండి.

విండోస్ 10 కి సపోర్ట్, అంటే మామూలుగా వచ్చే సెక్యూరిటీ అప్‌డేట్లు, అయిపోయింది కాబట్టి పాత కంప్యూటర్లు ఉన్నవాళ్ళు ఇక కొత్తవి కొనుక్కోవాల్సిందే అన్నట్టు మీ పేపర్లో వచ్చింది చదివాను. డేట్ కరెక్టే, 2025 అక్టోబర్ 14. కానీ ఆ "కొనుక్కోవాల్సిందే" అన్న మాట దగ్గర మనసు ఒప్పుకోలేదు, అందుకే ఇంత పెద్ద ఉత్తరం రాస్తున్నా. మొత్తం వెయ్యడానికి చోటు లేకపోతే గేముల గురించి రాసిన ముక్క ఒక్కటైనా వెయ్యండి, ఎందుకంటే విండోస్ బదులు ఫ్రీగా వేసుకునే లినక్స్ అనే సిస్టమ్ ఒకటి ఉంది, పాత మిషన్లలో అది వెయ్యొచ్చు అనగానే మనవాళ్ళు అనే మొదటి మాట "దాంట్లో గేములు రన్ అవ్వవు కదా" అని. పదేళ్ళ క్రితం అది నిజమే. ఇప్పుడు ఏ గేము అనేదాన్ని బట్టి ఉంటుంది, ఆ తేడా తెలీక చాలామంది మంచి మిషన్లని అడ్డికి పావుశేరు అమ్మేసుకుంటున్నారు.

మా ఇంట్లో పీసీ 2017లో అసెంబుల్ చేయించింది. అప్పుడు నేను హైదరాబాద్‌లో బీటెక్ మూడో ఏడు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఉంటుంది కదా, అందరూ సీటీసీ అంటారు, అక్కడ రెండు శనివారాలు షాపు షాపూ తిరిగి కొటేషన్లు రాయించుకుని, ట్యూషన్లు చెప్పిన డబ్బులు సగం, నాన్న పంపింది సగం వేసి కొన్నా. ఐ5 7400 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, ఎన్‌విడియా వాళ్ళ జీటీఎక్స్ 1050 టీఐ గ్రాఫిక్స్ కార్డు, ఒక టీబీ హార్డ్ డిస్కు. సెలవులకి వచ్చేటప్పుడు సికింద్రాబాద్‌లో గౌతమి ఎక్కి క్యాబినెట్‌ని పై బెర్తు మీద తలగడలాగా పెట్టుకుని కాకినాడ దాకా నిద్రపోకుండా వచ్చా. తర్వాత ర్యామ్ ఇంకో 8 వేశా, ఎస్‌ఎస్‌డీ వేశా, ఎస్‌ఎంపీఎస్, అంటే పవర్ సప్లై డబ్బా, ఒకసారి పోతే మార్చా. ఇప్పుడు దాని మీద మా తమ్ముడు ఆడుకుంటాడు, నాన్న తన ఉత్తరాలూ కరెంటు బిల్లులూ చూసుకుంటారు. ఎనిమిదేళ్ళయినా ఒక్కరోజు కూడా స్పీడు చాల్లేదు అనిపించలేదు.

అట్లాంటి దానికి విండోస్ 11 రాదు. ఎందుకు రాదు అనేది మీ పేపర్లో రాయలేదు కాబట్టి రెండు ముక్కలు చెప్తా. మైక్రోసాఫ్ట్ పెట్టిన రూల్ ప్రకారం టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ ఉండాలి, సెక్యూర్ బూట్ (ఆన్ అయ్యేటప్పుడు నమ్మకమైన సిస్టమ్‌నే లోడ్ అవ్వనిచ్చేది) ఉండాలి, ప్రాసెసర్ వాళ్ళ లిస్టులో ఉండాలి. ఇంటెల్ అయితే దాదాపుగా 8వ జనరేషన్ నుంచే ఆ లిస్టులో ఉన్నాయి, ఏఎండీ అయితే రైజెన్ 2000 సిరీస్ నుంచి. మాది 7వ జనరేషన్. టీపీఎం బయోస్‌లో ఆన్ చేస్తే ఆన్ అయ్యింది, కానీ ప్రాసెసర్ లిస్టులో లేదు, అక్కడితో సరి. అంటే మిషన్‌కి శక్తి లేక కాదు, లిస్టులో పేరు లేక. రేషన్ కార్డులో పేరు లేనివాడికి ఆకలి లేదనగలమా అండి.

మా ఊళ్ళో ఒక షాపుకి తీసుకెళ్తే ఆయన మూత కూడా తియ్యలేదు. "సార్ ఇది డెడ్ అయిపోయినట్టే, మూడు వేలు ఇస్తా పెట్టేసి వెళ్ళండి, కొత్తది డెబ్భైలో చేసిస్తా" అన్నాడు. డెబ్భై అంటే డెబ్భై వేలు. 2025 చివర్లో ర్యామ్ రేట్లు ఎలా పెరిగాయో కొన్నవాళ్ళకి తెలుసు. ఆ పక్కనే ఒకాయన అలాగే క్యాబినెట్ అక్కడ పెట్టేసి కొత్తదానికి ఈఎంఐ మాట్లాడుకుంటున్నారు, వాళ్ళ అబ్బాయికంట. ఆయనతో నేను ఏమీ మాట్లాడలేదు, మాట్లాడాల్సింది అని ఇప్పటికీ అనిపిస్తుంది, అసలు ఈ ఉత్తరం ఆయనకి రాసినట్టే అనుకోండి.

లినక్స్ గురించి చెప్పే ముందు విండోస్‌లోనే ఉన్న దారులు కూడా చెప్పాలి, లేకపోతే నేనూ సగమే చెప్పినట్టవుతుంది. ఇళ్ళల్లో వాడుకునేవాళ్ళకి మైక్రోసాఫ్ట్ ఇంకో ఏడాది సెక్యూరిటీ అప్‌డేట్లు ఇస్తోంది, 2026 అక్టోబర్ 13 దాకా. సెట్టింగ్స్‌ని వాళ్ళ అకౌంట్‌తో సింక్ చేసుకుంటే ఫ్రీ, లేదంటే వాళ్ళ రివార్డ్ పాయింట్లు 1000 వాడొచ్చు, అదీ కాదంటే డబ్బు కట్టాలి, అమెరికాలో అయితే 30 డాలర్లు. సెట్టింగ్స్‌లో అప్‌డేట్ పేజీకెళ్ళి ఎన్‌రోల్ నొక్కడమే. మనవాళ్ళల్లో ఎంతమందికి తెలుసు ఇది? ఇంకోటి, లిస్టులో లేని ప్రాసెసర్ మీద కూడా రూఫస్ లాంటి ఫ్రీ టూల్స్ వాడి చెక్ దాటించి 11 ఎక్కించేస్తున్నారు, ఎక్కుతుంది, కానీ అలాంటి మిషన్లకి అప్‌డేట్లు వస్తాయని గ్యారంటీ లేదని మైక్రోసాఫ్టే చెప్పింది. క్రాక్ విండోస్ సంగతి వేరే చెప్పక్కర్లేదు, ఆక్టివేటర్ అని చెప్పి ఎక్కించేదాంట్లో ఏముందో ఎక్కించినవాడికీ తెలీదు, ఆ సిస్టమ్‌లోనే మనం బ్యాంకు పాస్‌వర్డ్ కొడతాం.

ఇప్పుడు అసలు విషయం. లినక్స్‌కి వెళ్దాం అనుకోగానే అందరూ చేసే పని ఏ డిస్ట్రో (లినక్స్‌లో ఒక్కో రకాన్ని అలా అంటారు) బాగుంటుంది అని వెతకడం, ఉబుంటూనా మింటా ఫెడోరానా బజైటా అని వారం రోజులు వీడియోలు చూడడం. అది తర్వాత. ముందు ఒక తెల్లకాగితం తీసుకుని గడిచిన ఆరు నెలల్లో మీరు నిజంగా ఆడిన గేములు రాసుకోండి. కొని పెట్టుకున్నవి కాదు, ఆడినవి. మా తమ్ముడు రాసిస్తే ఏడు వచ్చాయి: వాలరెంట్, జీటీఏ 5, కౌంటర్ స్ట్రైక్ 2, ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2, యూరో ట్రక్ సిమ్యులేటర్ 2, మైన్‌క్రాఫ్ట్, స్టార్‌డ్యూ వ్యాలీ. తర్వాత ప్రోటాన్‌డీబీ అనే సైట్లో ఒక్కోటి కొట్టి చూశాం, అక్కడ జనాలే తమ కార్డు ఏంటి, ఏ డిస్ట్రో, గేము ఎలా నడిచింది అని రాసి పెడతారు. అరగంటలో తేలిపోయింది. కౌంటర్ స్ట్రైక్ 2, యూరో ట్రక్, స్టార్‌డ్యూ వ్యాలీ, మైన్‌క్రాఫ్ట్ జావా ఎడిషన్ ఇవన్నీ నేరుగా లినక్స్‌కే ఉన్నాయి. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ ప్రోటాన్ మీద, అంటే విండోస్ గేముల్ని లినక్స్‌లో నడిపించే సాఫ్ట్‌వేర్ మీద, నడుస్తుంది. జీటీఏ 5 స్టోరీ మోడ్ నడుస్తుంది, ఆన్‌లైన్ నడవదు. వాలరెంట్ అసలు నడవదు, ఏ డిస్ట్రో వేసినా, ఎవరు ఎన్ని ట్రిక్కులు చెప్పినా.

ఆ చివరి మాట చెప్పగానే వాడి మొహం చూడాల్సింది. "అన్నయ్యా, మా ఫ్రెండ్స్ అందరం సాయంత్రం అదే ఆడతాం, అది లేకపోతే నాకు పీసీ ఎందుకు" అన్నాడు. వాడన్నది తప్పు కాదు. వాడికి అది గేము కాదు, పదో తరగతి తర్వాత తలా ఒక ఊరు వెళ్ళిపోయిన నలుగురు స్నేహితులు రోజూ గంటసేపు కలుసుకునే అరుగు. లినక్స్ గొప్పది కాబట్టి నువ్వు గేము మానెయ్ అని చెప్పేవాళ్ళని నేను చూశాను, అలా చెప్తే ఎవరూ రారు, రానక్కర్లేదు కూడా.

ఎందుకు నడవదో మాత్రం తెలుసుకోవాలి. మోసం చేసి ఆడేవాళ్ళని పట్టుకోవడానికి కొన్ని కంపెనీలు పెట్టే సాఫ్ట్‌వేర్ విండోస్ కెర్నల్‌లోకి దిగి కూర్చుంటుంది, అంటే మిషన్‌లో అన్నిటికన్నా లోపలి గదిలో. వాలరెంట్‌ది వాన్‌గార్డ్, అది కంప్యూటర్ ఆన్ అవ్వడంతోనే మొదలవుతుంది. ఫోర్ట్‌నైట్, పబ్జీ పీసీ వెర్షన్, ఈఏ వాళ్ళ ఎఫ్‌సీ ఫుట్‌బాల్, బాటిల్‌ఫీల్డ్ 6, ఇవి కూడా ఇంచుమించు ఈ కారణంతోనే లినక్స్ మీద ఆడలేం. అన్నీ నడిపించడం చేతకాక ఆగినవి కాదు. ఈజీ యాంటీ చీట్, బ్యాటిల్ ఐ అని రెండు పెద్దవి ఉన్నాయి, ఆ రెండూ 2021లోనే ప్రోటాన్‌కి సపోర్ట్ ఇచ్చాయి, ఆన్ చెయ్యాల్సింది గేము కంపెనీలే. కొందరు చేశారు, కొందరు చెయ్యలేదు. ఏపెక్స్ లెజెండ్స్ అయితే ఆడనిచ్చి, చీటర్లు ఎక్కువయ్యారని 2024 అక్టోబర్ చివర్లో తీసేసింది. జీటీఏ ఆన్‌లైన్ కూడా 2024 సెప్టెంబర్‌లో బ్యాటిల్ ఐ పెట్టేదాకా లినక్స్ మీద ఆడుకున్నారు. అంటే ఈరోజు నడిచే ఆన్‌లైన్ గేము రేపు నడవకపోవచ్చు, అది ముందే తెలిసి దిగాలి.

కెర్నల్‌లోకి ఎవర్ని పడితే వాళ్ళని రానివ్వడం గురించి నా అభిప్రాయం చెప్తా. 2024 జూలై 19 గుర్తుందా, క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ తప్పు అప్‌డేట్ ఒకటి పంపితే ప్రపంచం మొత్తం మీద దాదాపు 85 లక్షల విండోస్ మిషన్లు నీలం స్క్రీన్ చూపించి కూర్చున్నాయి, హైదరాబాద్ ఎయిర్‌పోర్టులో చేత్తో రాసిన బోర్డింగ్ పాస్ ఫొటో ఆరోజు అందరి ఫోన్లలోనూ తిరిగింది. అది గేము సాఫ్ట్‌వేర్ కాదు, కానీ అది కూర్చున్న గది అదే. అక్కడ చిన్న తప్పు జరిగినా మిషనే లేవదు. ఒక ఆట కోసం ఇంట్లో అందరూ వాడే కంప్యూటర్‌లో ఆ తాళం ఇవ్వాలా అనేది ప్రతి తల్లీ తండ్రీ ఒకసారి ఆలోచించాలి, ఇవ్వొద్దు అని నేను చెప్పను, తెలిసి ఇవ్వండి.

మేం చేసింది ఏంటంటే, ఉన్న ఎస్‌ఎస్‌డీలో విండోస్ 10 అలాగే ఉంచి, ఆ ఏడాది అప్‌డేట్లకి ఎన్‌రోల్ చేసి, అందులో వాలరెంట్ తప్ప అన్నీ తీసేశాం. బ్యాంకు లేదు, మెయిల్ లేదు, నాన్న ఫైళ్ళు లేవు. కొత్తగా ఒక 500 జీబీ ఎస్‌ఎస్‌డీ కొని దాంట్లో లినక్స్ మింట్ వేశాం. ఆన్ చేసేటప్పుడు ఏది కావాలో అడుగుతుంది. మొత్తం ఖర్చు ఆ ఎస్‌ఎస్‌డీ ఒక్కటే.

మింట్ ఎందుకంటే నాన్నకి. కింద పట్టీ, ఎడమ మూల మెనూ, అంతా ఆయనకి అలవాటైన చోటే ఉంటుంది. మింట్ 22 సిరీస్‌కి 2029 దాకా అప్‌డేట్లు ఉన్నాయి. గేములే ముఖ్యం, ఏఎండీ కార్డు ఉంది అనుకునేవాళ్ళు బజైట్ చూడొచ్చు, అది ఆన్ చెయ్యగానే గేములకి రెడీగా ఉంటుంది.

ఎక్కించడం అంత కష్టం కాదు కానీ మేం మూడు చోట్ల ఇరుక్కున్నాం, ఆ మూడూ చెప్తే ఇంకొకళ్ళకి ఒక ఆదివారం మిగులుతుంది. పెన్‌డ్రైవ్‌లో మింట్ పెట్టి దాంతో బూట్ చేస్తే ఏదీ ఎక్కించకుండానే వాడి చూడొచ్చు, వైఫై వస్తోందా, సౌండ్ వస్తోందా అని, అది తప్పకుండా చెయ్యండి. ఎక్కించాక డ్రైవర్ మేనేజర్ అని ఉంటుంది, అందులోంచి ఎన్‌విడియా డ్రైవర్ వేసుకోవాలి. వేశాక రీస్టార్ట్ చేస్తే నీలం రంగు స్క్రీన్ ఒకటి వచ్చి ఏదో కీ ఎన్‌రోల్ చెయ్యమంది, నేను కంగారుపడి కంటిన్యూ కొట్టేశా. అది సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే వచ్చే స్క్రీన్, ఎన్‌రోల్ అని చెప్పి మనం ముందు పెట్టుకున్న పాస్‌వర్డ్ కొట్టాలి. నేను వదిలేసినందుకు డ్రైవర్ లోడ్ అవ్వలేదు, స్క్రీన్ అంతా పెద్ద పెద్ద అక్షరాలతో వచ్చింది, కార్డే పోయిందేమో అనుకున్నా. డ్రైవర్ తీసి మళ్ళీ వేసి ఈసారి ఎన్‌రోల్ కొడితే సరిపోయింది. ఇంకో సంగతి, మాలాగా జీటీఎక్స్ 900, 1000 సిరీస్ కార్డులు ఉన్నవాళ్ళు 580 డ్రైవర్ దగ్గర ఆగాలి, ఆ కార్డులకి సపోర్ట్ ఇచ్చే ఆఖరి వరస అదే, కొత్తది కదా అని పై నంబరు వేస్తే కార్డు పనిచెయ్యదు.

రెండోది హార్డ్ డిస్కు. పాత ఒక టీబీ డిస్కులో గేములన్నీ డౌన్‌లోడ్ అయి ఉన్నాయి కదా, మళ్ళీ ఎందుకు అని స్టీమ్‌కి (గేములు కొని, డౌన్‌లోడ్ చేసుకుని ఆడే ప్రోగ్రామ్) ఆ డిస్కునే చూపించా. గేములు కనిపించాయి, ప్లే కొడితే ఒక సెకను రన్నింగ్ అని చూపించి ఆగిపోయేవి. రెండు రాత్రులు డ్రైవర్ తప్పనుకున్నా. తప్పు డిస్కు ఫార్మాట్‌ది. విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ మీద ప్రోటాన్ గేములు పెట్టుకోవద్దు, ఫైల్ పేర్లూ పర్మిషన్ల దగ్గర తేడా వస్తుంది. లినక్స్ వాడే ఈఎక్స్‌టీ4 లోకి మార్చుకోవాలి, అంటే ఫార్మాట్. ముందు ఫొటోలూ డాక్యుమెంట్లూ వేరే డిస్కులోకి కాపీ చేసుకుని అప్పుడు చెయ్యండి. అవి అన్నీ దాచా కానీ క్లౌడ్‌లో సేవ్ అవ్వని పాత గేముల సేవ్ ఫైళ్ళు మర్చిపోయా, తమ్ముడి రెండేళ్ళ ఆట ఒకటి పోయింది. వాడు ఏమీ అనలేదు, నాకే ఇప్పటికీ బాధగా ఉంది. సేవ్ ఫైళ్ళు ఎక్కడున్నాయో ముందు వెతకండి దయచేసి.

మూడోది చిన్నది. గేము మొదటిసారి ఆన్ చేసినప్పుడు వల్కన్ షేడర్లు, అంటే బొమ్మలు గియ్యడానికి కార్డుకి కావాల్సిన చిన్న ప్రోగ్రాములు, ప్రాసెస్ చేస్తున్నా అని ఒక పట్టీ నడుస్తుంది, ఒక్కోసారి పది నిమిషాలు, హ్యాంగ్ అయింది అనుకుని ఆపేస్తాం. ఆపకండి.

ఇంతకీ విండోస్ కోసం రాసిన గేము లినక్స్ మీద ఎలా నడుస్తుంది అని నాన్న అడిగారు. ఆయన ఏళ్ళ తరబడి కోర్టు గుమాస్తా, కాబట్టి ఆయన భాషలో చెప్పా. జడ్జి గారికి తెలుగు రాదు, సాక్షికి ఇంగ్లీషు రాదు, మధ్యలో దుబాసీ ఉంటాడు కదా, అదే. గేము తన భాషలో, అంటే డైరెక్ట్‌ఎక్స్‌లో, ఇక్కడ గోడ గియ్యి, ఇక్కడ నీడ వెయ్యి అని అడుగుతుంది. దుబాసీ దాన్ని లినక్స్‌లో గ్రాఫిక్స్ కార్డుకి అర్థమయ్యే వల్కన్‌లోకి మార్చి చెప్తాడు. ఈ దుబాసీ పని 1993లో వైన్ అనే ప్రాజెక్టుతో మొదలైంది. డెస్క్‌టాప్ ప్రోగ్రాములు నడిపేది కానీ కొత్త గేముల దగ్గర తడబడేది. 2018 ప్రాంతంలో ఫిలిప్ రెబోలే అనే ఒక జర్మన్ ప్రోగ్రామర్ నియర్ ఆటోమేటా అనే గేము లినక్స్‌లో ఆడుకోవాలన్న కోరికతో డీఎక్స్‌వీకే రాశాడు, డైరెక్ట్‌ఎక్స్ 11 ని వల్కన్‌లోకి మార్చేది అదే. స్టీమ్ నడిపే వాల్వ్ కంపెనీ ఆయన్ని పనిలోకి తీసుకుని, వైన్, డీఎక్స్‌వీకే ఇంకా కొన్ని కలిపి 2018 ఆగస్టులో ప్రోటాన్ అని వదిలింది. వాల్వ్‌కి దీని మీద అంత పట్టుదల ఎందుకంటే గేములు అమ్ముకునే దారి మొత్తం ఇంకో కంపెనీ చేతిలో ఉండడం వాళ్ళకి భయం, వాళ్ళ గేబ్ న్యూవెల్ 2012లోనే విండోస్ 8 వచ్చేముందు ఆ భయం బయటపెట్టారు. 2015లో స్టీమ్ మెషీన్లు అని లినక్స్ డబ్బాలు అమ్మించారు, వాటిలో ఆడటానికి గేములు చాల్లేదు, ఎవరూ కొనలేదు. ఆ దెబ్బ తర్వాతే, గేములు రాసేవాళ్ళని బతిమాలడం కాదు ఉన్న గేముల్నే నడిపించాలి అని ప్రోటాన్ మీద పడ్డారు. 2022లో స్టీమ్ డెక్ వచ్చింది, చేతిలో పట్టుకుని ఆడేది, అది పూర్తిగా లినక్సే. ఈరోజు మా పాత పీసీలో ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ ఆడుతోందంటే ఆ డెక్ కోసం చేసిన పని వల్లే. స్టీమ్ వాళ్ళు నెలనెలా వేసే సర్వేలో లినక్స్ వాటా 2025 అక్టోబర్‌లో మొదటిసారి 3 శాతం దాటింది. తక్కువే, కానీ కొన్నేళ్ళ కిందట ఒకటి కూడా ఉండేది కాదు.

ఫ్రేములు, అంటే సెకనుకి స్క్రీన్ మీద మారే బొమ్మలు, ఎలా వస్తున్నాయి అని గేములు ఆడేవాళ్ళు అడుగుతారు. మా మిషన్‌లో జీటీఏ 5 విండోస్‌లో 60 వచ్చే చోట ఇక్కడ 54, 55 వస్తోంది, ఆడేటప్పుడు తేడా తెలీదు. యూరో ట్రక్ ఇంచుమించు సమానం. కౌంటర్ స్ట్రైక్ మాత్రం స్మోక్ పడ్డప్పుడు కాస్త ల్యాగ్ కొడుతోంది, సెట్టింగ్స్ తగ్గించుకున్నాడు. డైరెక్ట్‌ఎక్స్ 12 గేముల్లో ఎన్‌విడియా కార్డులకి లినక్స్‌లో ఎక్కువ పడిపోతుంది, ముఖ్యంగా మాలాంటి పాత కార్డులకి, అది దాచి లాభం లేదు. ఏఎండీ కార్డులు ఉన్నవాళ్ళకి ఈ బాధ తక్కువ, వాళ్ళకి డ్రైవర్ వేసుకునే పని కూడా లేదు, కెర్నల్‌తో పాటే వస్తుంది. ఎపిక్ అనే గేముల స్టోర్‌లో ఫ్రీగా తీసుకున్న గేములకి హీరోయిక్ అనే లాంచర్ ఉంది, అది బాగా పనిచేస్తోంది.

నాన్న విషయానికొస్తే తెలుగు టైపింగ్ సెట్ చెయ్యడానికి పావుగంట పట్టింది, ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు సిస్టమ్‌లోనే ఉంది, ఫోన్‌లో లాగా ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు వచ్చేదీ ఉంది. ప్రింటర్ దగ్గర మాత్రం రెండు రోజులు పోయాయి, మన జెరాక్స్ షాపుల్లో ఎక్కువగా కనిపించే ఒక పాత లేజర్ మోడల్ మాది, దాని డ్రైవర్ లినక్స్‌లో తిన్నగా దొరకదు. చివరికి పీడీఎఫ్ చేసి ఫోన్‌కి పంపుకుని వీధి చివర షాపులో తీయించుకుంటున్నారు. మీ ప్రింటర్ పేరు కొట్టి ముందే చూసుకోండి. అలాగే డీటీపీ చేసుకునేవాళ్ళకి నేను మారమని చెప్పను. అను ఫాంట్లలో, పేజ్‌మేకర్‌లో ఇరవై ఏళ్ళ పని దాచుకున్నవాళ్ళు ఎంతమందో మీ పేపర్ వాళ్ళకి నాకన్నా బాగా తెలుసు, అవి విండోస్ కోసం చేసినవి, ఆ ఫైళ్ళు యూనికోడ్‌లో లేవు, వాళ్ళు మారాలంటే అక్షరాలన్నీ మార్చుకోవాలి. ట్యాలీ, ఫొటోషాప్ మీద బతికేవాళ్ళూ అంతే.

నాకు అన్నిటికన్నా బాధ అనిపించేది ఏంటంటే ఇదంతా నేను ఇంగ్లీషులో చదివి, ఇంగ్లీషు వీడియోలు చూసి చేసుకున్నా. నాకు వచ్చు కాబట్టి సరిపోయింది. ఆ షాపులో కొత్తదానికి ఈఎంఐ మాట్లాడుకున్న ఆయనకి ఎవరు చెప్తారు? మనకేం మనుషులు లేక కాదు. హైదరాబాద్‌లో స్వేచ్ఛ అనే సంస్థ వాళ్ళు ఎన్నో ఏళ్ళ నుంచి ఫ్రీ సాఫ్ట్‌వేర్ కోసం పనిచేస్తున్నారు, తెలుగులో కనిపించే లినక్స్ కూడా తయారు చేశారు. కేరళలో సర్కారు బళ్ళల్లో పిల్లలు ఏళ్ళ తరబడి లినక్స్ మీదే కంప్యూటర్ నేర్చుకుంటున్నారు, టీచర్లకి దాంట్లోనే ట్రైనింగ్. మనకి ఊరికో ఇంజనీరింగ్ కాలేజీ ఉంది, మా కాకినాడలో జేఎన్‌టీయూనే ఉంది, ప్రతి కాలేజీలోనూ లినక్స్ ల్యాబ్ ఉంటుంది, కానీ అందులో పిల్లలు కమాండ్లు రికార్డులో రాసి ఎగ్జామ్ అయ్యాక మర్చిపోతారు. అదే పిల్లలు రెండో శనివారం ఒక హాల్లో కూర్చుని, ఊళ్ళోవాళ్ళు తెచ్చుకున్న పాత పీసీలకి డేటా కాపీ తీసి, గేముల లిస్టు చూసి, మారొచ్చో వద్దో చెప్పి ఎక్కించి పంపితే, వాళ్ళకి ఆ ల్యాబ్‌లో రానిది అక్కడ వస్తుంది. నేను వచ్చి పని చేస్తా, జీతం అక్కర్లేదు, ఏ కాలేజీ వాళ్ళైనా హాలు ఇస్తే చాలు.

మీకు నా విన్నపం ఒకటే. మీ కంప్యూటర్ల పేజీలో నాలుగు వారాలు వరసగా దీని మీద తెలుగులో వెయ్యండి, ఒక వారం ఏడాది అప్‌డేట్లకి ఎన్‌రోల్ అవ్వడం, ఒక వారం డేటా దాచుకోవడం, ఒక వారం ఎక్కించడం, ఒక వారం ఏ గేములు నడుస్తాయి ఏవి నడవవు అనేది పెద్ద అక్షరాలతో పట్టిక. ఆ పట్టిక మూడు నెలలకోసారి మళ్ళీ వెయ్యాలి, ఎందుకంటే మారిపోతుంటుంది. 2026 అక్టోబర్ 13 తర్వాత ఆ ఫ్రీ అప్‌డేట్లు కూడా ఆగిపోతాయి, అప్పుడు మళ్ళీ షాపుల ముందు క్యాబినెట్లు వరస కడతాయి, కాబట్టి సెప్టెంబర్ దాటకుండా వేస్తే బాగుంటుంది. మా తమ్ముడి లిస్టులో ఏడు గేములకీ మేం చూసుకున్నది నీట్‌గా రాసి పెట్టా, కావాలంటే పంపిస్తా.

ఇట్లు
మీ పాఠకుడు,
కాకినాడ